పద్నాలుగు సాకెట్ ఇటివ్వు

బయటి దేశంలో పెరిగే మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవిలో ఉంటుంది కానీ నోట్లో ఉండదు. మనం తెలుగులో అడుగుతాం, వాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తారు. ఇల్లు అలాగే గడిచిపోతుంది. అంకెల సంగతైతే మరీను. పది దాకా గడగడా చెబుతారు, పదకొండు దగ్గర నీళ్ళు నములుతారు.

నాలుగు కుటుంబాలు కలిసి ఇంటి గ్యారేజీలో కారు ఇంజిన్ మార్చే రెండు వారాంతాల్లో ఈ ఇబ్బంది కాస్త కదులుతుంది. జపాన్ తయారీ కార్లలో బోల్టు తలలు చాలావరకు 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్లే. అంటే పది పోను, పిల్లల నోరు తిరగని అంకెలే సరిగ్గా బోల్టు తలకి తొడిగి తిప్పే సాకెట్ల మీద ఉంటాయి. కారు కిందనుంచి "పద్నాలుగు ఇటివ్వు" అని చెయ్యి బయటికొచ్చినప్పుడు పదిహేడు అందిస్తే అది బోల్టు మీద వదులుగా తిరుగుతుంది, తప్పు వెంటనే తెలిసిపోతుంది. తిట్టే పని లేదు, దిద్దే పని లేదు. సాయంత్రానికి పంతొమ్మిది కూడా నోటికొచ్చేస్తుంది.

క్రాంక్ షాఫ్టుకీ, గేర్ బాక్సుకీ తెలుగు మాటలు కనిపెట్టి పిల్లల మీద రుద్దకండి. మన ఊళ్ళ మెకానిక్కులే ఆ పేర్లు ఇంగ్లీషులో అంటారు. తెలుగంతా క్రియల్లో ఉంది: విప్పు, బిగించు, వదులు చెయ్యి, ఊడదియ్యి, తిప్పు, జరుపు, ఆనించు, పట్టుకో. కారు పని మొత్తం ఇలాంటి పది పన్నెండు మాటల మీదే నడుస్తుంది. కాకపోతే ఒక బాబాయి "ఇప్పు" అంటాడు, ఇంకో మామయ్య "విప్పు" అంటాడు, మరొకాయన "పీకు" అంటాడు. పిల్లలకి అవి మూడు వేర్వేరు పనుల్లా వినిపిస్తాయి. మొదటి రోజు పొద్దున్నే అట్ట ముక్క మీద ఏ మాట వాడాలో రాసి గోడకి అంటించండి. పక్కనే ఇంకో వాక్యం: ఎడమ, కుడి అంటే డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషికి ఎడమ, కుడి. ముందు నిలబడి బానెట్ లోకి చూసేవాడికి అవి తారుమారవుతాయి. వైర్లకి తప్పు చీటీలు పడేది ఎక్కువగా ఇక్కడే.

ఇక అసలు పని. మొదటిసారి చేసేవాళ్ళు పెద్ద ఇంజిన్ ఎక్కించాలనీ, ఇంకో మోడల్ ది బిగించాలనీ ఆశపడొద్దు. ఏ ఇంజిన్ తీస్తున్నారో దాని మీద ముద్రించిన కోడే ఉన్న ఇంజిన్ తెచ్చుకోవాలి. కోడ్ ఒకటే అయినా తయారైన ఏడాదిని బట్టి సెన్సర్లు మారుతుంటాయి, కాబట్టి పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ప్రతి కనెక్టర్నూ పోల్చాలి. తేడా కనిపిస్తే పాత ఇంజిన్ సెన్సరు విప్పి దీనికి బిగించుకోవచ్చు. ప్లగ్గులు తీసి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ప్రధాన షాఫ్టు చివర ఉండే చక్రం) బోల్టుకి సాకెట్ పెట్టి, ఇంజిన్ తిరిగే వైపుకే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా ఠక్కున ఆగిందంటే ఆ ఇంజిన్ వద్దు. ఆయిల్ మూత అడుగున పాలు కలిసినట్టు తెల్లటి జిడ్డు మందంగా ఉంటే కూలెంట్ ఆయిల్లో కలుస్తోందేమోనని అనుమానించాలి. కొనే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి, కొలిచే వీలుంటే ఇంకా మంచిది. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి.

తెచ్చిన ఇంజిన్ ఇంకా నేల మీద ఉన్నప్పుడే గేర్ బాక్స్ వైపు క్రాంక్ ఆయిల్ సీలు, ముందు సీలు, వాటర్ పంపు, థర్మోస్టాట్, వాల్వ్ కవర్ ప్యాకింగు, ప్లగ్గులు మార్చేయాలి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజినయితే అదీను. మాన్యువల్ గేరు బండి అయితే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి ఒకేసారి. గేర్ బాక్స్ వైపు సీలు చవకే. దాన్ని వదిలేస్తే ఆర్నెల్లకి కారడం మొదలైనప్పుడు, ఆ ఒక్క సీలు కోసం గేర్ బాక్స్ మళ్ళీ విప్పాల్సి వస్తుంది.

విప్పే వరస ఇదీ. ముందురోజు రాత్రే సైలెన్సర్ పైపు నట్లకి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. పాత ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే ఇంధన పంపు ఫ్యూజు తీసేసి, అది తనంతట తాను ఆగిపోయేదాకా నడపండి. అప్పుడు పైపుల్లో ఒత్తిడి పోతుంది. యాక్సిల్ చివరి పెద్ద నట్లు, సాధారణంగా 30 నుంచి 36 మిల్లీమీటర్ల మధ్యవి, చక్రాలు నేల మీద ఉండగానే ఒకరు బ్రేకు తొక్కిపట్టి ఉంటే వదులు చెయ్యాలి. ఎత్తాక అవి కదలవు. తరవాత కారు ఎత్తి జాకీ స్టాండ్ల మీద నిలబెట్టాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. బ్యాటరీ తీసేశాక చల్లారిన ఇంజిన్ నుంచి కూలెంట్, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ వంచండి. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పసిపిల్లలూ పెంపుడు జంతువులూ తిరిగే చోట ఆ పళ్ళాన్ని ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఏసీ గొట్టాలు విప్పకండి. కంప్రెసర్ని మాత్రం బోల్టులు తీసి, గొట్టాలతో సహా పక్కకి కట్టేస్తే చాలు.

వైర్లు విప్పే గంట పిల్లలది. ఒక్కొక్క కనెక్టర్ ఊడినప్పుడల్లా ముందు ఫొటో, తరవాత రెండు ముక్కల మీదా ఒకే అంకె వేసిన టేపు. ఊడదీసిన బోల్టులు చిన్న సంచిలో, సంచి మీద తెలుగులో చీటీ. "ఎడమ మౌంటింగు, పెద్దవి రెండు, చిన్నది ఒకటి" అని రాయడానికి ఎనిమిదేళ్ళ పిల్లకి ఐదు నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. ఆ రాతే వారం తరవాత పెద్దవాళ్ళని గట్టెక్కిస్తుంది. ఒత్తులు తప్పితే దిద్దకండి, సంచి తప్పితే దిద్దండి.

యాక్సిల్ని మధ్యలో పట్టుకుని గుంజితే లోపలి జాయింటు విడిపోయి రోలర్లు ఊడతాయి. గేర్ బాక్స్ దగ్గర పట్టీలాంటి చువ్వ ఆనించి, జాయింటు గిన్నెనే ఎగదొయ్యాలి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీ ఎక్కడుందో ఫొటో తీసి, టేపు వేసి మరీ విప్పండి. ఈ కథలో అది మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు క్రేన్. రెండు టన్నుల క్రేన్ అని రాసి ఉన్నా, దాని చెయ్యి చివరి కన్నం దాకా బయటికి లాగితే మోయగలిగేది చాలావాటిలో అర టన్నే. నాలుగు సిలిండర్ల అల్యూమినియం ఇంజిన్, గేర్ బాక్సుతో కలిపి అటూఇటూగా 150 నుంచి 200 కిలోలు కాబట్టి ఇబ్బంది లేదు, కానీ ఆ సంగతి చూసుకోకుండా ఎత్తొద్దు. గొలుసు బిగించే బోల్టు అల్యూమినియంలోకి తన మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు దిగాలి. క్రేన్ బరువు అందుకున్నాకే, ఇంజిన్ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగులు విప్పాలి.

ఇక్కడ తెలుగుతో ఒక చిక్కుంది. మన భాషలో 'వద్దు' అనేది మాట చివర వస్తుంది. "ఎత్తొద్దు" అని అరిస్తే, హ్యాండిల్ పట్టుకున్నవాడికి ముందు "ఎత్తు" వినిపిస్తుంది. మిగతాది చెవిని పడేలోపే చెయ్యి కదులుతుంది. "దించొద్దు" కూడా అంతే. అందుకని క్రేన్ దగ్గర మూడే మాటలు ఉండాలి: ఎత్తు, దించు, ఆపు. వీటికి వ్యతిరేక రూపాలు నిషేధం. పైగా మెకానిక్కుల వాడుకలో ఇంజిన్ దించడం అంటే బండిలోంచి తీసెయ్యడం. అలా తీసెయ్యాలంటే ముందు పైకి ఎత్తాలి! ఆ వాడుక ఆ గంట సేపు పక్కన పెట్టండి.

ఎత్తు, దించు అనే హక్కు ఒక్కరికే. "ఆపు" అనే హక్కు అందరికీ. ఇది పిల్లలకి ముందే, పెద్దల ఎదుటే చెప్పాలి, ఎందుకంటే బాబాయిని, మామయ్యని 'అండీ' లేకుండా పిలవకూడదని మనమే నేర్పాం. "కొంచెం ఆపండి మామయ్యా" అని మర్యాదగా ముగించేలోపు గొట్టం నలిగిపోతుంది. క్రేన్ నడిచినంతసేపూ ఎనిమిదేళ్ళ పిల్ల యాభై ఏళ్ళ మనిషిని "ఆపు" అని అరవొచ్చు, ఆ మనిషి ఆగి తీరాలి. ఉత్తి బెదురే అయినా సరే, కసరకూడదు. ఒకసారి కసిరితే రెండోసారి అరవరు. ఇంకో అలవాటు: చెప్పింది అర్థం కాకపోయినా "ఊఁ" అనడం. ఇది రెండు భాషల మధ్య పెరిగే పిల్లల్లో బాగా కనిపిస్తుంది. "అర్థమైందా?" అని అడిగితే మళ్ళీ "ఊఁ" అనే వస్తుంది. "ఏం చెయ్యబోతున్నావో చెప్పు" అనండి. ఇంగ్లీషులో చెప్పినా ఫరవాలేదు, పని సరిగ్గా చెప్పారా లేదా అన్నదే ముఖ్యం.

క్రేన్ చుట్టూ మూడు మీటర్ల దూరంలో సుద్దతో గీత గీసి, ఎత్తేటప్పుడు పిల్లలంతా దాని బయటే ఉండాలి. వేలాడే ఇంజిన్ కిందకి ఎవరి చెయ్యీ పోకూడదు, పెద్దవాళ్ళదైనా సరే. కారు కిందకి పిల్లలు దూరకూడదు. ఎత్తడం కన్నా దించడమే ప్రమాదం: క్రేన్ వాల్వు కొద్దిగా ఎక్కువ తిరిగినా బరువు ఒక్కసారిగా జారుతుంది, వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి.

ఎక్కువగా చెడేది ఇంజిన్నీ గేర్ బాక్సునీ కలిపే దగ్గర. క్లచ్ ప్లేటుని మధ్యకి తెచ్చే సాధనం పెట్టి ప్రెషర్ ప్లేటు బిగించాలి, కంటి అంచనాతో కాదు. రెండూ దగ్గరికి వచ్చాక ఐదు, పది మిల్లీమీటర్ల సందు మిగిలిపోతే, దాన్ని బోల్టులతో లాగి మూసేద్దామనే ఆత్రం వస్తుంది. ఆ పని చేస్తే గేర్ బాక్స్ చెవి పగులుతుంది, లేదా క్లచ్ ప్లేటు మధ్య భాగం వంగుతుంది. సందు ఉందంటే షాఫ్టు పళ్ళు ప్లేటు పళ్ళలో కూర్చోలేదని, లేదా ఏదో వైరు మధ్యలో ఇరుక్కుందని. క్రాంక్ పుల్లీని మెల్లగా అటూఇటూ కదుపుతూ తోస్తే, కుదిరినప్పుడు అదే జారుకుంటుంది. ఆటోమేటిక్ గేరు అయితే టార్క్ కన్వర్టర్ని (క్లచ్ బదులు ఉండే, ఆయిల్ నిండిన గుండ్రటి డబ్బా) ముందే గేర్ బాక్సులోకి తిప్పుతూ తోసి కూర్చోబెట్టాలి. రెండు మూడు సార్లు టక్కు టక్కుమని లోపలికి దిగాలి. పూర్తిగా దిగకుండా బిగిస్తే గేర్ బాక్స్ ఆయిల్ పంపు విరుగుతుంది, గేర్ బాక్స్ కూడా మార్చుకోవాల్సిందే. బిగించాక క్రాంక్ చేత్తో తిరుగుతోందో లేదో చూసుకోండి.

పెట్టినంత బిగువు రాగానే టిక్కుమనే టార్క్ రెంచ్ పిల్లల చేతికివ్వడానికి చక్కటి పనిముట్టు. 10 తల ఉన్న చిన్న బోల్టులకి సుమారు 10 న్యూటన్ మీటర్లే చాలు. 12 తల వాటికి 20 నుంచి 25. కచ్చితమైన లెక్క ఆ బండి సర్వీసు పుస్తకంలోదే. బలం చూపించాలని పొడుగు రాట్చెట్‌తో వాల్వ్ కవర్ బోల్టులు విరగ్గొట్టేది పిల్లలు కాదు, ఎక్కువగా వాళ్ళ నాన్నలే. టిక్కు మనగానే ఆగాలన్న నియమం పిల్లలు బాగా పాటిస్తారు.

స్టార్టు చేసే ముందు ఆయిల్ పోసి, ఇంధన పంపు ఫ్యూజు లేకుండానే పది సెకన్లు చొప్పున సెల్ఫ్ కొట్టాలి, మధ్యలో అర నిమిషం విరామం. ఆయిల్ లైటు ఆరాకే ఫ్యూజు పెట్టాలి. నీళ్ళు కలపని కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోసి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఐడిల్లో నడపండి. హీటర్ నుంచి చల్లగాలే వస్తుంటే లోపల ఇంకా గాలి ఉందని. వేడి మీద మూత తీయకండి.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందా? ఎర్త్ పట్టీ మర్చిపోయారేమో చూడండి. అది లేకపోతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది: యాక్సిలరేటర్ కేబులో, గేరు కేబులో కాలి పొగ వస్తుంది. సెల్ఫ్ బాగానే తిరిగి ఇంజిన్ అందుకోకపోతే క్రాంక్, క్యామ్ సెన్సర్ల కనెక్టర్లు తారుమారయ్యాయేమో చూడాలి. అప్పుడు పిల్లల టేపులు, ఫొటోలు ముందర పెట్టుకుని వాళ్ళచేతే చదివించండి.

నడిచాక చక్రాల నట్లు 50 నుంచి 100 కిలోమీటర్లకి మళ్ళీ టార్క్ చూడాలి. వాడిన ఆయిల్నీ, కూలెంట్నీ వేర్వేరు డబ్బాల్లో పట్టి సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

పాత ఇంజిన్ని వెంటనే పారేయొద్దు, ఓ వారం మూల ఉంచండి. ప్లగ్గులు తీసిన నాలుగు కన్నాల్లో నాలుగు పొడుగాటి ప్లాస్టిక్ స్ట్రాలు పెట్టి, ఒకరు క్రాంక్ తిప్పుతుంటే ఏది లేస్తోందో పిల్లల్ని తెలుగులో లెక్కపెట్టమనండి. ఒకటీ నాలుగూ కలిసి లేస్తాయి, రెండూ మూడూ కలిసి దిగుతాయి. నిప్పు పడే వరస మాత్రం చాలా ఇంజిన్లలో ఒకటి, మూడు, నాలుగు, రెండు. కలిసి లేచినవి కలిసి ఎందుకు మండవని అడుగుతారు. అప్పుడు వాల్వ్ కవర్ విప్పండి. ఒకటోది గాలిని నొక్కేటప్పుడు దాని వాల్వులు మూసుకుని ఉంటాయి, అదే క్షణంలో నాలుగోది పొగ బయటికి తోస్తుంటుంది, పొగ వెళ్ళే వైపు దాని వాల్వు తెరుచుకుని ఉంటుంది. క్రాంక్ ఇంకో చుట్టు తిప్పితే అటుది ఇటవుతుంది.