నల్గొండ మొరం దిబ్బ మీద నేర్చి, విస్లర్ ఎ-లైన్ దిగడం: నా అనుభవం

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఉన్న విస్లర్ బైక్ పార్క్‌లో ఎ-లైన్ అనే డౌన్‌హిల్ జంప్ ట్రైల్ ఉంది. బోర్డు మీద నల్ల డైమండ్ గుర్తు ఉంటుంది, అంటే చేయి తిరిగినవాళ్ల దారి. యంత్రాలతో చెక్కిన ఈ ట్రైల్‌లో కట్టలు కట్టిన మలుపులు, వాటి వెంట వరుసగా టేబుల్‌టాప్ జంపులు, అంటే ఎక్కే వాలుకూ దిగే వాలుకూ మధ్య బల్లపరుపుగా మట్టి నింపిన దిబ్బలు. అక్కడికి వెళ్లాలనుకునే మన ప్రాంతం వాళ్లు ముందుగా అడిగేది, ఇక్కడ కొండలు లేవు కదా, ఎట్ల నేర్చుకోవాలని. నల్గొండ చుట్టూ గుట్టలకు కొదవ లేదు కానీ జంపుకు అవి పనికిరావు. అన్నీ నున్నటి బండలు, పడితే తోలు మిగలదు. లతీఫ్ సాహెబ్ గుట్ట లాంటివి జనం మొక్కుకోవడానికి ఎక్కే చోట్లు, అక్కడ సైకిల్ తొక్కడం పద్ధతి కాదు. నల్లమల వైపు పోయి అడవిలో దారి చెక్కుదామనే ఆలోచన కూడా మానుకోవాలి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అది నేరం. కావలసింది సొంత చెలకలో ఒక మూల, ట్రాక్టర్ మొరం, ఒక దిమ్మిస. నా తయారీలో ముప్పావు వంతు అక్కడే అయింది.

మొదటి టేబుల్‌టాప్ కొలతలు: లిప్ (గాలిలోకి లేపే వంపు) ఎత్తు 60 సెంటీమీటర్లు, పొడవు 2 మీటర్లు, పైన బల్లపరుపు డెక్ 1.5 మీటర్లు, ల్యాండింగ్ (దిగే వాలు) 2 మీటర్లు. లిప్ వంపును కంటి అందాజాతో పోస్తే ఎప్పుడూ చివర నిటారు అవుతుంది. అందుకే నేల మీద మేకు కొట్టి, 3.6 మీటర్ల తాడుతో ప్లైవుడ్ మీద వంపు గీసి కోయిస్తాను. 8 అడుగుల షీటు సరిపోతుంది. ఆ ముక్కను పక్కన నిలబెట్టి దానికి ఆనించి మట్టి సాపు చేస్తే లిప్ చివర కోణం 33 డిగ్రీల దగ్గర తేలుతుంది, అడుగు నుంచి పైదాకా వంపు ఒకే తీరుగా ఉంటుంది. 1.2 మీటర్ల వెడల్పుకు లెక్క వేస్తే మట్టి సుమారు రెండుంబావు ఘనపు మీటర్లు అవుతుంది. దిమ్మిస కొట్టాక మట్టి కుంగుతుంది కాబట్టి ఒక ట్రాలీతో ఆగకుండా రెండు పోయించుకోవాలి, మిగిలింది మరమ్మతులకు పనికొస్తుంది.

మట్టి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది జంపులు ఇక్కడే పాడవుతాయి. ఎర్ర చెలక ఒట్టిగా వాడితే ఎండకాలం రాగానే పైపొర గులకగా లేచి, లిప్ మీద టైరు జారుతుంది. నల్లరేగడి ఎండితే పర్రెలిస్తుంది, తడిస్తే టైరుకు చుట్టుకుని ఫోర్క్‌లో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కొమ్ముల్లో) ఇరుక్కుంటుంది. మూడు పాళ్లు మొరానికి ఒక పాలు చెరువు పూడిక మట్టి కలిపితే రెండు బాధలూ తగ్గుతాయి. కలిపిన మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, చేతికి నీళ్లు అంటకూడదు. 15 సెంటీమీటర్ల పొర వేసి దిమ్మిస కొట్టి, పైన నీళ్లు చిలకరించి మరో పొర వేయాలి. అంతా ఒకేసారి పోసి పైన కొడితే లోపల గుల్లగా ఉండి, మొదటి వానకే లిప్ మధ్యలో కుంగుతుంది. అలా కుంగిన చోటే ముందు చక్రాన్ని ఎత్తేసి మనిషిని వెనక్కి తోస్తుంది. జూన్‌లో తొలకరి పడి ఒక రోజు ఆరాక ఈ మట్టి పట్టు అద్భుతంగా ఉంటుంది, నేను ఏడాది పొడవునా ఎదురుచూసేది ఆ వారాల కోసమే.

వేగం లెక్క ఇది. ఈ జంపులో ల్యాండింగ్ మధ్యలో దిగాలంటే లిప్ అంచు దగ్గర గంటకు సుమారు 17 కిలోమీటర్లు ఉండాలి. కానీ 60 సెంటీమీటర్లు ఎక్కేటప్పుడు వేగం పడిపోతుంది కాబట్టి లిప్ అడుగున 21 ఉండాలి. చాలామంది అడుగున 17 చూసుకుని వచ్చి ల్యాండింగ్ అందక డెక్ మీదే పడతారు. పెద్ద జంపుల్లో వేగం చూపే తేడా ఇంకా ఎక్కువ. 30 డిగ్రీల లిప్ నుంచి 30 కిలోమీటర్ల వేగంతో లేస్తే సుమారు 6 మీటర్లు పోతాం, అదే 33 అయితే 7.4 మీటర్లు. వేగం పదో వంతు పెరిగితే దూరం ఐదో వంతు పెరుగుతుంది. టేబుల్‌టాప్‌లో తక్కువ పడితే డెక్ మీద దిగి బతికిపోతాం. ఎక్కువ పోయి ల్యాండింగ్ దాటి బల్లపరుపు నేల మీద పడితే మణికట్లు, చీలమండలు దెబ్బతింటాయి. రెండింటిలో నేను భయపడేది రెండోదానికే.

అందుకే ల్యాండింగ్ మధ్యలో సున్నంతో గీత గీస్తాను. వెనక చక్రం ఆ గీతకు జానెడు అటూ ఇటూలో వరుసగా దిగుతున్నంతవరకు పెద్ద జంపు జోలికి పోను. అదే జంపును మూడు తీర్లుగా చేయాలి: మామూలుగా ఒకసారి, లిప్ మీద కాళ్లతో గట్టిగా తొక్కి ఎత్తుగా ఒకసారి, మోకాళ్లు మడిచి లిప్‌ను మింగేసి నేలబారుగా ఒకసారి. ఎ-లైన్ మీద ప్రాణాలు కాపాడేది ఈ మూడోదే. వేగం ఎక్కువైందని లిప్ మీద తెలిస్తే బ్రేకు పట్టకూడదు, పట్టామంటే ముందు చక్రం కిందికి పోతుంది. మోకాళ్లు మడవడమే మార్గం. పెడల్స్ రెండూ సమంగా, ఛాతీ కిందికి, మోచేతులు బయటికి ఉంచి, వంపు మొదలవగానే పాదాలతో నేలను తొక్కుతూ నెమ్మదిగా లేవాలి. హ్యాండిల్‌ను లాగితే ముందు చక్రం ఒక్కటే లేస్తుంది. చూపు లిప్ అంచు మీద, కనబడగానే ల్యాండింగ్ మీద.

గాలిలో సైకిల్ ముక్కు కిందికి పోతుంటే అందరూ మనిషినే తప్పుపడతారు. నేను మొదట చూసేది వెనక షాక్ (కుదుపులు మింగే స్ప్రింగ్) రీబౌండ్, అంటే నొక్కుకున్నది తిరిగి తెరుచుకునే వేగం. లిప్ మీద స్ప్రింగ్ నొక్కుకుని, అంచు దాటగానే తెరుచుకుంటుంది. వెనకది మరీ వేగంగా తెరుచుకుంటే వెనక చక్రాన్ని పైకి తన్నుతుంది. మామూలు సెట్టింగ్ కంటే రెండు క్లిక్కులు నెమ్మది చేస్తే తన్నడం ఆగుతుంది. మరీ నెమ్మది చేసినా చిక్కే. ఎ-లైన్ మలుపుల ముందు బ్రేకులు పట్టీ పట్టీ గతుకులు పడి ఉంటాయి, నెమ్మది షాక్ అక్కడ తిరిగి లేవక అణిగిపోయి గట్టిపడుతుంది. కనుక ఒక్కో క్లిక్కే మార్చాలి, మార్చింది రాసుకోవాలి.

ఎండను మరవొద్దు. నల్గొండలో 40 డిగ్రీల్లో 25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపిన టైరు విస్లర్ పొద్దుటి 10 డిగ్రీల్లో 21కి పడిపోతుంది. ఫోర్క్ గాలి స్ప్రింగ్‌లో 80 ఉన్నది 71 అవుతుంది, స్ప్రింగ్ వేగాన్ని అదుపు చేసే డ్యాంపర్ నూనె చిక్కబడి రీబౌండ్ కూడా నెమ్మదిస్తుంది. ఇక్కడ కుదిరిన సెట్టింగ్ అక్కడ మెత్తబడిందని అనిపించేది ఇందుకే. పార్క్‌కు చేరాక షాక్ పంపుతో మళ్లీ కొలిచి, వెనక శాగ్ (మనిషి బరువుకు స్ప్రింగ్ అణిగే మేర) 28-30 శాతం, ముందు 18-20 శాతం పెడతాను. 70 కిలోల మనిషికి డౌన్‌హిల్ టైర్లలో ముందు 24, వెనక 27 పీఎస్‌ఐ నాకు నచ్చిన కొలత.

సొంత సైకిల్ తీసుకుపోతే డబ్బాతో కలిపి 23 కిలోల హద్దు దాటడం ఖాయం. అద్దెకు తీసుకోవడమే తేలిక. అయితే ఒక్క జాగ్రత్త. మన దగ్గర ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది, అక్కడి సైకిళ్లకు ఎడమచేతికి. అలవాటుకొద్దీ వెనక బ్రేకు అనుకుని ఎడమ లీవర్ పట్టామంటే మలుపులోనే ముందు చక్రం జారుతుంది. అద్దె తీసుకునేటప్పుడే రెండు బ్రేకు గొట్టాలూ అటూ ఇటూ మార్పించమని అడగాలి. ఫుల్‌ఫేస్ హెల్మెట్, మోకాలి, మోచేతి ప్యాడ్లు, వీపు కవచం తప్పవు. ఇన్సూరెన్స్ కాగితంలో డౌన్‌హిల్ సైక్లింగ్ అనే మాట ఉందో లేదో చూసుకోవాలి.

పార్క్‌లో నేరుగా ఎ-లైన్ ఎక్కొద్దు. క్రాంక్ ఇట్ అప్ అనే నీలం గుర్తు ట్రైల్‌లో ఇదే తరహా జంపులు చిన్నగా ఉంటాయి. అక్కడ బ్రేకులు ముట్టకుండా ప్రతి ల్యాండింగ్ అందుతున్నప్పుడే పైదానికి పోవాలి. ఎ-లైన్ మొదటిసారి గాలిలోకి లేవకుండా, చక్రాలు నేల మీదే ఉంచి దిగాలి, వెనక వచ్చేవాళ్లకు ఒక పక్క వదులుతూ. ఆగాల్సి వస్తే ట్రైల్ బయటికి, పైనుంచి కనబడే చోటికి జరగాలి. ల్యాండింగ్ కింద ఆగినవాడు పైవాడికి కనబడడు. రెండోసారి నుంచి మలుపులోకి రాకముందే బ్రేకు పట్టి వదిలేసి, కట్ట మీంచి బయటపడ్డాక సైకిల్ నిటారుగా అయ్యేదాకా చూసి లిప్ ఎక్కాలి. ఒరిగి ఉండగానే లేస్తే గాలిలో పక్కకు కొట్టుకుపోతాం.

మధ్యాహ్నానికి గతుకులు లోతవుతాయి, ముంజేతులు బిగుసుకుని బ్రేకు వేలు స్పందించడం ఆలస్యమవుతుంది. లీవర్ మీద ఒక్క వేలు చాలకపోతున్నదంటే నేను ఆ రోజుకు ఆపేస్తాను. దిగాక స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) బోల్టులు 5-6 న్యూటన్ మీటర్ల బిగువుకు, వెనక ఇరుసు, రోటర్ (బ్రేకు పళ్లెం) బోల్టులు ఒకసారి చూసి, ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతాను. హెడ్‌సెట్‌లో (హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో) టకటకమంటే బిగించేదాకా మళ్లీ లిఫ్ట్ ఎక్కను.