ఎక్స్‌ప్రెస్‌వేలో మా చీనీ తోట: పరిహారం చేతికి వచ్చే వరకు

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మొదలై, పులివెందుల ప్రాంతం మీదుగా సాగి, ముప్పవరం దగ్గర కోస్తా రహదారిలో కలిసే బెంగళూరు–విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వే 6 వరుసల రోడ్డు; పాత దారిని వెడల్పు చేయడం కాకుండా చాలా వరకు పొలాల మీదుగా కొత్తగా వేస్తున్నారు. కడప జిల్లాలో ఆ దారికి అడ్డం వచ్చిన చీనీ (బత్తాయి) తోటల్లో మాదీ ఒకటి. ఊళ్లో ఎవరిని కదిపినా ఎకరా ధర గురించే మాట్లాడేవారు గానీ, మా విషయంలో డబ్బును తేల్చింది ధర కంటే పొలంలోని చెట్లు, బోరు లాంటి ఆస్తుల జాబితానే.

జాతీయ రహదారుల చట్టం కింద 3ఎ ప్రకటన (ఫలానా భూమి తీసుకోబోతున్నామని చెప్పేది) వెలువడ్డాక అభ్యంతరాలకు 21 రోజుల గడువు ఉంటుంది. ధర మీద వాదనకు అది సమయం కాదు కాబట్టి సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు సరిచూసుకున్నాం. 1బిలో (రెవెన్యూ వారి భూమి రికార్డులో) ఇంకా మా నాయన పేరే ఉన్నందున, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో అన్నదమ్ముల పేర్లు ఎక్కించుకునే పని అప్పుడే మొదలుపెట్టాం. ఆ తరువాత 3డి ప్రకటన వస్తే భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది.

అసలు పని ఉమ్మడి కొలతల రోజున జరిగింది. సర్వేయరు హద్దులు చూపుతుంటే, ఉద్యానశాఖ వారు చెట్టు చెట్టుకూ మొదలు చుట్టుకొలత చూసి వయసు రాసుకున్నారు. కాపుకొచ్చిన చెట్టుకూ లేత చెట్టుకూ విలువలో చాలా తేడా ఉంటుంది. ఒక మడిలో చెట్లు గిడసబారి ఉండటంతో వయసు తక్కువ వేయబోతే, మా అన్న నర్సరీ బిల్లు తెచ్చి చూపించాడు. “తేదీ ఉందిగా, ఇది చాలప్పా” అని ఉద్యానశాఖ అధికారి కాగితంలో దిద్దుకున్నారు. బోరు రాశారు గానీ, భూమిలో ఉన్న పైపులైను ఎవరి కంటికీ కనిపించలేదు. పారతో తవ్వి చూపించి, జాబితాలో చేర్చిన తరువాతే సంతకం పెట్టాం.

పరిహారం లెక్కకు 2013 భూసేకరణ చట్టమే ఆధారం. మార్కెట్ విలువను గ్రామీణ గుణకంతో (పల్లె భూముల విలువ పెంచడానికి పెట్టిన అంకెతో) హెచ్చించి, చెట్లు, కట్టడాల విలువ కలిపి, ఆ మొత్తం మీద 100 శాతం సొలేషియం (భూమిని తప్పనిసరిగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) ఇస్తారు. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. అంటే జాబితాలో తప్పిపోయిన ప్రతి రూపాయికీ రెండు రూపాయలు పోయినట్టే. ఈ డబ్బుకు ఆదాయపు పన్ను లేదని బ్యాంకులోనూ చెప్పవలసి వచ్చింది.

ధర మాకూ తక్కువే అనిపించింది. అభ్యంతరంతో తీసుకుంటున్నామని రాసిచ్చి, డబ్బు తీసుకుని, జాతీయ రహదారుల చట్టంలోని 3జి(5) కింద ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి విచారణకు) దరఖాస్తు పెట్టాం. అక్కడ మొత్తం పెరిగితే, పెరిగిన దానిపై భూమి స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి 9 శాతం వడ్డీ వస్తుంది. ఆ విచారణ ఇంకా నడుస్తోంది.