చీమలు చెప్పిన వాన

నిన్న చంద్రగిరిలో మిద్దె మీద చెనక్కాయలు ఎండబోశాం. పొద్దున్నే అవ్వ గోడవార చూసి, "చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతాండాయి, ఎత్తేయండి నాయనా" అంది. నేను ఫోన్ చూపించా, వాన అవకాశం 10 శాతమే అని. మధ్యాహ్నం తూనీగలు తలకు తగిలేంత కిందికి దిగాయి. అయినా కదల్లేదు. మూడింటికి కుండపోత!

(కప్పల జోస్యం మాత్రం నమ్మను. మా వీధి కాలువలో అవి ఏడాదంతా అరుస్తానే ఉంటాయి.)

అమెరికాలో ఏటా ఫిబ్రవరి 2న గ్రౌండ్‌హాగ్ అనే జంతువు నీడ చూసి, చలికాలం ఇంకో 6 వారాలుంటుందో లేదో చెప్తారు. 1887 నుంచీ ఇదే తంతు. ఎక్కువసార్లు తప్పే దానికి టోపీలు పెట్టుకున్న పెద్దమనుషుల మర్యాదలు! మా చీమలకు దక్కింది చీమల మందు.

కాయలిప్పుడు హాల్లో ఫ్యాన్ కింద ఉన్నాయి. నా పడక వరండాలో.