నాలుక కింద పంపు మందు: డస్ట్ అలర్జీ చికిత్సలో నా అనుభవం

రెండో సీసా ఈరోజే మొదలుపెట్టాను. నొక్కగానే పంపు పలికింది, మందు పడాల్సిన చోటే పడింది, ఎవరికీ ఫోన్ చెయ్యాల్సిన పని రాలేదు. మొదటి సీసా దగ్గర పడ్డ పాట్లు తలచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాసేస్తానేమోనని భయం.

కాకినాడలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పొద్దున లేస్తూనే తుమ్ములు, కళ్ల దురద, ఏకధాటిగా ముక్కు కారడం, రాత్రయ్యేసరికి ముక్కు బిగుసుకుపోవడం. ఏళ్ల తరబడి ఇదే వరస. చాక్‌పీసు పొడి వల్లేనని స్టాఫ్‌రూమ్ తీర్మానం. వేసవి సెలవుల్లో కూడా తుమ్ముతున్నానయ్యా అంటే వినేవాడు లేడు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు అన్నీ అయ్యాయి. వాడినన్నాళ్లు బాగానే ఉంటుంది, ఆపితే మళ్లీ మామూలే. చిన్నప్పుడు మా మేనత్త మృగశిర కార్తెకి హైదరాబాదు తీసుకెళ్లి, క్యూ కట్టించి చేప ప్రసాదం కూడా వేయించింది. అది ఉబ్బసానికి కదా అత్తయ్యా, నాది ముక్కు కదా అంటే, "ఆ ఊపిరి పోయేది ముక్కులోంచే కదరా" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఎట్టకేలకు వైజాగ్‌లో ఒక అలర్జీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పేరు చెప్పను. ఆవిడ మంచిదే, గొడవంతా ఆవిడ చుట్టూ ఉన్న క్లినిక్‌తో. ఆవిడ చెప్పింది ఇదీ: ఏది పడదో దాన్నే చాలా కొద్దికొద్దిగా, రోజూ, ఏళ్ల తరబడి ఇస్తూ పోతే ఒంటికి అది అలవాటవుతుంది. లండన్‌లో లెనార్డ్ నూన్ అనే ఆయన గడ్డి పుప్పొడితో 1911లోనే ఈ పని సూదిమందుగా చేశాడట. సూది అయితే ప్రతిసారీ క్లినిక్‌కి వచ్చి, పొడిపించుకుని అరగంట కూర్చోవాలి. నాలుక కింద వేసుకునేదైతే ఇంట్లోనే వేసుకోవచ్చు. కాకినాడ నుంచి వైజాగ్ తిరిగే ఓపిక లేనివాడికి ఇంకేం కావాలి, సరేనన్నాను.

ముందు పరీక్ష. దానికి వారం రోజులు అలర్జీ మాత్రలు ఆపాలి. ఆపకపోతే చర్మం స్పందించదు. జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్పుల్లో కూడా ఇవే మందులు దాగుంటాయి, చూసుకోండి. సరిగ్గా ఆ వారంలోనే మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం. మగపెళ్లివారు తాంబూలాలు అందుకోబోతుండగా నేను అందుకున్నాను, తుమ్ములు. ఒంటి తుమ్మే అపశకునం, నావి ఎప్పుడూ ఒక్కటితో ఆగవు కాబట్టి శాస్త్ర ప్రకారం నేను నిర్దోషిని. ఈ వాదన నెగ్గలేదు. మేనమామనై ఉండి భోజనాల దాకా కారులో కూర్చున్నాను. రక్తంలో ఐజీఈ (అలర్జీ ఉన్నవాళ్లలో తయారయ్యే యాంటీబాడీ) చూసే పరీక్షకైతే మాత్రలు ఆపక్కర్లేదని ఆ తర్వాత తెలిసింది. ముందే చెప్పి ఉంటే కనీసం తాంబూలాలు కళ్లారా చూసేవాణ్ణి.

పరీక్ష తేలిక. ముంజేతి మీద పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో చుక్క పెట్టి, సన్నటి మొనతో గుచ్చుతారు. పావుగంట గోక్కోకుండా కూర్చోవడమే అసలు కష్టం. పోలిక కోసం పెట్టే ఉత్త ఉప్పునీటి చుక్క దగ్గర కన్నా మూడు మిల్లీమీటర్లు మించి దద్దురు లేస్తే ఆ పదార్థం పడనట్టు. నాకు లేచింది ఇంటి దుమ్ములో ఉండే రెండు రకాల పురుగులకి. డస్ట్ మైట్స్ అంటారు, కంటికి ఆనవు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని పరుపుల్లో, దిండ్లలో బతుకుతాయి. సముద్రం పక్క ఊళ్ల తేమ వాటికి మహా ఇష్టం. మా మేనత్త ఇన్నేళ్లూ తిట్టిన వయ్యారిభామ మొక్కకి మాత్రం చెయ్యి చెక్కు చెదరలేదు.

మధ్యలో ఒక మాట. మా కాలేజీలో ఒకాయన వేరే చోట వందకి పైగా పదార్థాల ప్యాకేజీ పరీక్ష చేయించుకుని వంకాయ, గోంగూర, పెసరపప్పు మానేశాడు. అవి తిన్నప్పుడు ఆయనకి ఏనాడూ ఏమీ కాలేదు. తింటే ఏమీ కానప్పుడు కాగితంలో పాజిటివ్ వచ్చిందని మానక్కర్లేదని మా డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. నేను వెళ్లి ఆయనకి చెప్పాను. డబ్బు కట్టింది ఆయన, నేను ఊరికే చెబుతున్నాను కాబట్టి నమ్మలేదు.

మొదటి డోసు క్లినిక్‌లోనే. నర్సు డ్రాపర్ సీసాతో నాలుక కింద ఒక చుక్క వేసి, రెండు నిమిషాలు మింగొద్దు, మాట్లాడొద్దు అంది. కొంచెం దురద పెట్టింది, అంతే. అరగంట కూర్చోబెట్టి పంపించారు. మా బాబాయి జేబులో పెట్టుకు తిరిగే సార్బిట్రేట్ లాంటిదే కదా ఇదీ అనుకున్నాను కానీ కాదు. గుండె మాత్ర నాలుక కింది రక్తనాళాల్లోంచి నేరుగా రక్తంలో కలవడానికి. ఈ చుక్కలు నోటి పొరలో కాపలా ఉండే కణాలకి చిక్కడానికి. వెంటనే మింగేస్తే పొట్ట వాటిని మామూలు ప్రొటీన్‌లా అరిగించేస్తుంది. అందుకే ఆ రెండు నిమిషాలు. చేతిలో కాగితం పెట్టారు: మొదటి రోజు 1 చుక్క, రెండో రోజు 2, అలా 10 దాకా, ఆ తర్వాత ఎక్కువ బలమున్న సీసా.

అసలు కథ ఇక్కడ మొదలు. కొరియర్‌లో థర్మాకోల్ పెట్టె వచ్చింది. ఐస్ ప్యాక్ కరిగి నీళ్లయింది, అది వేరే గొడవ. తెరిస్తే లోపల డ్రాపర్ లేదు. మూత ఒలిచి, విడిగా కవర్లో ఉన్న పంపుని సీసాలోకి టక్కుమనేదాకా నొక్కి బిగించాలట. ముందు కొన్నిసార్లు గాల్లోకి కొట్టి గాలి పోగొట్టాలట. ఆ తర్వాత నాలుక కింద మూతి పెట్టి నొక్కాలి. ఇవన్నీ చీమల అక్షరాల కాగితంలో ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కానీ ఆ కాగితం అంతా "ప్రెస్" అంటుంది, డాక్టరమ్మ కాగితం "చుక్క" అంటుంది. ఒక ప్రెస్‌కి ఎన్ని చుక్కలు?

ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయి "రెండూ ఒకటే సార్" అంది. మందు కంపెనీ మనిషి నంబర్ సంపాదించి అడిగితే "ఒకటి కాదండీ, ప్రెస్ ఎక్కువ" అన్నాడు, ఎంత ఎక్కువో చెప్పలేదు. క్లినిక్‌లో జూనియర్ డాక్టరు "కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదులెండి" అన్నాడు. ఒంటికి పడని పదార్థాన్నే మందుగా ఇస్తూ, పోయేకొద్దీ పెంచుతూ, కొంచెం అటూ ఇటూ ఏంటి? డాక్టరమ్మ ఊళ్లో లేరు. ఇక నేను ఫిజిక్స్ వాణ్ణి అయ్యాను.

ఎలాగూ గాలి పోగొట్టడానికి కొట్టే ప్రెస్‌లు సింకు పాలే. పంపు సరిగ్గా అందుకున్నాక ఐదు ప్రెస్‌లు శుభ్రమైన స్పూనులో పట్టి, ఇన్సులిన్ సిరంజిలోకి లాగాను. మన దగ్గర దొరికే 40 యూనిట్ల సిరంజిలో 40 గీతలంటే ఒక ఎంఎల్. నాకు వచ్చింది 20 గీతలు. అంటే ప్రెస్‌కి 0.1 ఎంఎల్. ఇదే మందు డ్రాపర్‌తో వాడి మానేసిన కొలీగ్ దగ్గర ఖాళీ సీసా తెచ్చి నీళ్లతో కొలిస్తే ఎంఎల్‌కి 20 చుక్కలు. అంటే ఒక ప్రెస్సుకి రెండు చుక్కలు. రిసెప్షన్ మాట విని ఉంటే రోజూ రెట్టింపు డోసు వేసుకునేవాణ్ణి. "ఏవండీ, కాలేజీలో ల్యాబు లేదా, నా వంటగదే దొరికిందా" అని మా ఆవిడ. (మీ సీసాకి నా లెక్క పెట్టుకోకండి. పంపుని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. బలం కొలిచే యూనిట్లే ఒక్కో కంపెనీవి ఒక్కోలా ఉంటాయి, ఒకదాంతో ఒకటి పోల్చలేం.)

నా లెక్క నాకు నమ్మకమే, కానీ డాక్టరు చెప్పకుండా నోట్లో వేసుకోను. సీసా ఫ్రిజ్‌లో పెట్టి, లెక్కంతా ఒక కాగితం మీద పట్టికగా రాసుకుని, శనివారం సామర్లకోటలో రైలెక్కాను.

రిసెప్షన్‌లో నా పట్టిక చూపించి, "అమ్మా, ఈ కాగితంలో చుక్కలు, ఈ సీసాకి ప్రెస్‌లు" అని మొదలుపెట్టానో లేదో, "సార్‌కి వాడడం రావట్లేదంట, డెమో ఇవ్వండి" అని లోపలికి కేకేసింది. వాడడం వచ్చమ్మా, డోసు సంగతి అడుగుతున్నాను అంటున్నా వినలేదు. నీళ్లు నింపిన డెమో సీసా తెచ్చారు. "నోరు తెరవండి సార్. నాలుక పైకి. ఇంకా పైకి." హాలు నిండా జనం. పంపు టక్కుమంది. "ఇప్పుడు రెండు నిమిషాలు మాట్లాడకూడదు" అని గోడ గడియారం చూపించింది.

ఉత్త నీళ్లే, ఉమ్మేసి నాలుగు దులిపి ఉండొచ్చు. కానీ ముప్పై మంది మధ్య ఎక్కడ ఉమ్మను? మింగితే మళ్లీ మొదటి నుంచి చేయిస్తుందేమో. బిగించిన నోటితో నిలబడ్డాను. అప్పుడు ఆ అమ్మాయి హాలు వైపు తిరిగి, "కొత్తగా డ్రాప్స్ మొదలుపెట్టేవాళ్లు చూడండి, ఈ సార్‌లాగా కన్ఫ్యూజ్ అవ్వకండి" అంది. ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని మరీ చూశాడు. మూల నుంచి ఒక కుర్రాడు లేచి వచ్చి, "నమస్తే సార్, నేను ఎంపీసీ బ్యాచ్ సార్, గుర్తుపట్టారా?" అన్నాడు. తల ఊపాను. "సార్ ఎప్పుడూ మాకు యూనిట్లు రాయకపోతే సున్నా వేసేవారు" అని పక్కవాళ్లకి చెప్పాడు. ఆ వాక్యం నేను అనాల్సింది, ఆ కౌంటర్ ముందు, గట్టిగా. నా నోట్లో నీళ్లున్నాయి.

రెండు నిమిషాలయ్యాక మింగి, మళ్లీ అదే ప్రశ్న అడిగాను. "చదువుకున్నారు కదా సార్" అంది. ఆ మాటకి ఇప్పటికీ నిద్రపట్టదు. చదువుకున్నాను కాబట్టే అడిగాను తల్లీ. చదువుకోనివాడు నువ్వు చెప్పినట్టు రెట్టింపు వేసుకుని నోరు వాచి ఇంట్లో కూర్చుంటాడు, నీ గడియారం వాణ్ణి కాపాడదు. మన దగ్గర ప్రశ్న అడిగినవాడు తెలివితక్కువవాడు, తల ఊపినవాడు మంచి పేషెంటు. బ్యాంకులో అంతే, రిజిస్ట్రార్ ఆఫీసులో అంతే, చివరికి మందు దగ్గర కూడా అంతే.

డాక్టరమ్మ ఐదు నిమిషాల్లో తేల్చేసింది. నా సిరంజి లెక్క రెండుసార్లు చూసి, "కంపెనీ సీసా మార్చింది, మా ఫారం మాత్రం పాత డ్రాపర్ కాలానిది" అంది. చుక్కలన్నీ కొట్టేసి ప్రెస్‌లు, పక్కన ఎంఎల్ రాసిచ్చింది. సారీ కూడా చెప్పింది. డాక్టర్లకి నా విన్నపం ఒక్కటే: ఎంఎల్ రాయండి. చుక్క కొలత కాదు.

వాడేవాళ్లకి నాకు తెలిసినంత. సీసా ఫ్రిజ్ తలుపులో పెట్టకండి, తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది, లోపల అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో అసలే వద్దు. నోట్లో పుండ్లున్నా, పన్ను పీకించుకున్నా డాక్టరుని అడిగి ఆపండి. ఆయాసం అదుపులో లేనప్పుడు అసలు వేసుకోకండి. గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా క్లినిక్‌కి ఫోన్ చేసి పాట వింటూ కూర్చోకండి, 108కి చెయ్యండి. బూరుగుదూది పరుపు ఎండలో వేసి కర్రతో మీరే కొట్టకండి, ఎవరిచేతైనా కొట్టించండి. దిండు గలీబులు బాగా వేడినీళ్లలో ఉతకండి. కొరియర్‌ని నమ్మకండి, నేను ఐస్ బాక్స్ పట్టుకుని స్వయంగా వెళ్తున్నాను. డల్లాస్‌లో మా బావమరిది అక్కడ ఇదే జబ్బుకి నాలుక కింద మాత్రే ఉందన్నాడు. నిజమే, అక్కడ మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2017లో ఒప్పుకుంది, చుక్కలకి మాత్రం అక్కడ అనుమతి లేదు. మాత్రకి పంపు గొడవ ఉండదు కదా అని ఒక పూట కుళ్లుకున్నాను.

తగ్గిందా అంటారా, ఇంకా చెప్పలేను. నెలలు పట్టాలి, మొత్తం మూడేళ్లు వాడమంది.

రెండో సెట్టు తెచ్చుకోవడానికి పోయినవారం వెళ్లాను. కౌంటర్ మీద నా పట్టిక జిరాక్సులు కట్టగా పెట్టున్నాయి, నా చేతిరాతే, కింద నా పేరు మాత్రం వైట్‌నర్‌తో చెరిపేశారు. అదే అమ్మాయి బిల్లుతో పాటు నాకూ ఒకటి పిన్ కొట్టి ఇచ్చింది. "ఇందులో అంతా క్లియర్‌గా ఉంది సార్, డౌట్లుంటే ఇంటికెళ్లి చదువుకోండి" అంది.