గోరు దిగితే ఆనపకాయ, దిగకపోతే గుమ్మడికాయ

విత్తనాల ప్యాకెట్ వెనకాల "50 రోజుల్లో కోతకు వస్తుంది" అని రాసి ఉంటుంది చూడండి, దాన్ని నమ్ముకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ లెక్క మొదటి కాయ సుమారుగా ఎప్పుడొస్తుందో చెబుతుంది, అంతే. మా రాజాంలో (2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాం గానీ మా మాటా మారలేదు, మా కూరా మారలేదు) వానాకాలంలో బెండకాయ పెరిగే స్పీడు వేరు, సంక్రాంతి చలిలో వేరు. కాబట్టి ప్యాకెట్ పక్కన పడేసి కాయని చూడాలి, వీలైతే గోరుతో అడగాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ కాయని లేతగా తింటామా, ముదిరాక తింటామా? బెండ, బీర, ఆనప, పొట్ల, వంగ, కాకర, ఇవన్నీ మనం కోసేటప్పటికి పసికాయలే, లోపల గింజ గట్టిపడితే ఇక కూరకి పనికిరావు. గుమ్మడి, బూడిద గుమ్మడి, పప్పులో వేసుకునే దోసకాయ దీనికి పూర్తిగా రివర్సు.

ఆనపకాయనే తీసుకోండి. లేతకాయ మీద సన్నటి నూగు ఉంటుంది, అరచెయ్యి మెల్లగా రాస్తే తెలుస్తుంది. గోరు పెట్టి కాస్త నొక్కితే ఇట్టే దిగి, ఆ గంటులోంచి నీటి బొట్టు ఊరుతుంది. అప్పుడు కొయ్యాలి. నూగు రాలి, చర్మం నున్నగా గట్టిగా అయ్యి, గోరు జారిపోతుంటే గింజ ముదిరినట్టే. కాకపోతే తినబోయే కాయ అంతటా గోళ్ళు గుచ్చకండి, ఆ గాయం దగ్గరే కుళ్ళు మొదలవుతుంది. తొడిమకి దగ్గరగా ఒక్కసారి చూస్తే చాలు. అదే గుమ్మడికాయకైతే గోరు దిగకూడదు. తొక్క గట్టిపడాలి, రంగు తిరగాలి, తొడిమ పచ్చదనం పోయి బెండులా ఎండాలి. కోసేటప్పుడు రెండు మూడు అంగుళాల తొడిమ కాయకే ఉంచండి. తొడిమ ఊడిన గుమ్మడికాయ నిలవ ఉండదు, ముందు దాన్నే వండేసుకోవాలి. బూడిద గుమ్మడికైతే పేరులోనే గుర్తుంది, చిన్నప్పటి నూగు పోయి ఒంటినిండా తెల్లటి బూడిద పట్టాక వడియాలకి రెడీ.

బెండకాయ విషయంలో మాత్రం అస్సలు మొహమాటం వద్దు. పువ్వు పూసిన నాలుగైదు రోజులకే కోతకి వచ్చేస్తుంది, ఎండాకాలంలోనూ వానల్లోనూ ఇంకా ముందే. రోజు విడిచి రోజు కొయ్యాల్సిందే. కొన విరిస్తే టప్పున విరగాలి, వంగి పీచుగా సాగితే అది ముదురు. బజార్లో ప్రతి కాయా విరిచి చూస్తే కూరగాయలమ్మి తిడుతుంది, సొంత పెరట్లో అయితే ఒకటి విరిచి చూసుకుంటే మిగతావాటి సంగతి తెలిసిపోతుంది.

వంకాయకి మెరుపే గుర్తు. నిగనిగలాడుతుండగానే కొయ్యాలి. బొటనవేలితో నొక్కితే కాస్త లొత్త పడి మళ్ళీ మెల్లగా పైకి రావాలి. అసలు నొక్కుకోకపోతే ఇంకా పిందె, నొక్కిన గుంట అలాగే ఉండిపోతే ముదిరింది, మెరుపు చచ్చి లోపల గింజలు గోధుమరంగు తిరిగి చేదెక్కుతాయి. చేత్తో పీకకండి, కొమ్మ చీలుతుంది, ముళ్ళు గుచ్చుకుంటాయి, కత్తెర వాడండి. కాకరకాయకి పసుపు చార కనిపించిందా, ఆలస్యమైపోయినట్టే.

"ఇంకో రెండ్రోజులు ఉంచితే ఇంకా పెద్దదవుతుంది కదా" అనే ఆశ ఉంది చూశారూ, పెరటి తోటని పాడుచేసేది అదే. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోకి బాగుంటుందని మూరెడు బీరకాయని తీగకే వదిలేస్తారు. తీగకి మన ఫొటోతో పనిలేదు, గింజ పండించుకోవడమే దాని పని. ఒక కాయలో గింజ ముదురుతోందంటే బలమంతా అటే పోతుంది, కొత్త పిందెలు పసుపు తిరిగి రాలిపోతాయి. కోసేకొద్దీ కాస్తుంది. మా దొడ్డిలో సీజను చివర ఒకే ఒక్క కాయ ముదరడానికి వదులుతాను. వీధిలోంచి వెళ్ళే పెద్దావిడ "ఏటమ్మా, ఆనపకాయి అలా ఒగ్గేసావు, ఇత్తనానికా?" అని అడుగుతుంది. అవును, ఇత్తనానికే.

టమాటాకి ఎర్రగా పండేదాకా ఆగక్కర్లేదు. అడుగు భాగం కాస్త గులాబీ రంగు తిరిగితే కోసేయొచ్చు, ఆ దశ నుంచి ఇథిలీన్ అనే వాయువుని కాయే తయారుచేసుకుని ఇంట్లోనే పండుతుంది. పిట్టల గొడవ ఉండదు, వానకి పగలదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఆ చలికి పండడం ఆగిపోతుంది, రుచీ పోతుంది. మే నెల ఎండల్లో మొక్కకే వదిలినా సరిగ్గా ఎర్రబడదు, ఎందుకంటే 30 డిగ్రీలు బాగా దాటితే ఆ ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగ్గా తయారవదు, కాయ నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. జబ్బేమో అని టెన్షన్ పడి మందు కొట్టేవాళ్ళున్నారు, అక్కర్లేదు.

కందకి గోరూ లేదు, వేలూ లేదు. ఆకు పసుపు తిరిగి గొడుగు మొత్తం వాలిపోయాకే తవ్వాలి.

ఇక మన ఉత్తరాంధ్రకి ప్రత్యేకంగా ఇంకో లెక్క ఉంది. అక్టోబర్ వచ్చిందంటే తుఫాను భయం, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. హెచ్చరిక వినపడగానే పైన చెప్పిన గుర్తులన్నీ పక్కనపెట్టండి. పందిరి మీద బరువు తగ్గేలా చేతికొచ్చిన ఆనప, బీర ఇంకా చిన్నవైనా కోసేయండి. రంగు తిరిగిన టమాటాలు ఇంట్లో పండుతాయి, పూర్తి పచ్చివి పచ్చడికి బాగుంటాయి. తొడిమ ఎండని గుమ్మడికాయ ఉంటే దాన్నీ తెచ్చేయండి, ఎక్కువకాలం నిలవ ఉండదు కాబట్టి ఆ వారంలోనే పులుసు పెట్టేసుకోండి.