పేగుల్లో కాపురమున్న క్రిమే

కిందటేడు శ్రావణంలో ఒక రాత్రి అన్నం తిన్నాక నాన్నకి కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. తెల్లారేసరికి మెలికలు తిరిగిపోతున్నారు. తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్తే పిత్తాశయంలో రాయి జారి నాళానికి అడ్డుపడిందని, క్లోమం వాచిపోయిందని అన్నారు. పాంక్రియాటైటిస్. మూడో రోజుకి ఐసీయూలో ఉన్నారు, బీపీ నిలబెట్టడానికి నోరాడ్రినలిన్ ఎక్కుతోంది.

స్కాన్‌లో క్లోమంలో కొంత భాగం చచ్చిపోయిందని తేలినా యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు. నాకు కోపం వచ్చి అడిగేశాను. డాక్టర్ గారు పక్కన కూర్చోబెట్టి చెప్పారు: "ఇన్ఫెక్షన్ ఇంకా రాలేదమ్మా. ముందే వేసినా ఆగదు. పైగా పేగుల్లో సాధు బాక్టీరియా అంతా చచ్చి, మందుకి లొంగని మొండివే మిగులుతాయి."

ఆయన ఆ మాట అనేదాకా నాకు తెలీదు. ఈకోలై, క్లెబ్సియెల్లా లాంటి జబ్బు చేయగల బాక్టీరియాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లోనూ ఉంటాయి. ప్రాణవాయువు అక్కర్లేని బాక్టీరియా వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండి, వాటిని పెరగనివ్వదు. బీపీ పడిపోతే ఒళ్లు రక్తాన్ని గుండెకీ మెదడుకీ మళ్లిస్తుంది, పేగులకి వెళ్లే రక్తం తగ్గిపోతుంది. లోపలి పొర పలచబడుతుంది. అన్నాళ్లూ అణిగి ఉన్నవి గోడ దాటతాయి. రక్తం అందని క్లోమపు ముక్క వాటికి మంచి చోటు.

అందుకే ముక్కులోంచి చిన్నపేగుదాకా సన్నటి గొట్టం వేసి, గంటకి 20 మిల్లీలీటర్ల ఆహారం ఎక్కించారు. పేగుకి పని ఉంటేనే దాని పొర బతుకుతుందట. ఆ చుక్కలు పడుతుంటే లెక్కపెడుతూ కూర్చునేదాన్ని.

అదే వారం మా మేనత్త ప్రోబయోటిక్ పొడి పాకెట్లు పట్టుకొచ్చింది. మంచి బాక్టీరియా కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాం. డాక్టర్ గారు గట్టిగా వద్దన్నారు. ఇదే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ల మీద నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్ష 2008లో అచ్చయింది. ప్రోబయోటిక్ ఇచ్చిన 152 మందిలో 24 మంది పోయారు. ఉత్త పొడి ఇచ్చిన 144 మందిలో 9 మంది. ప్రోబయోటిక్ తీసుకున్న తొమ్మిది మందికి పేగులకి రక్తం అందక దెబ్బతింది. ఆ పాకెట్లు నా సంచిలోనే ఉండిపోయాయి.

మూడో వారం చలిజ్వరం. సీటీ స్కాన్‌లో చచ్చిన ముక్క మధ్య గాలిబుడగలు కనిపించాయి, అంటే ఇన్ఫెక్షన్ వచ్చేసిందన్నమాట. ఎడమ డొక్కలోంచి పైపు వేస్తే బురదలాంటి ద్రవం వచ్చింది. ఆ ద్రవంలో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ రిపోర్టులో క్లెబ్సియెల్లా అని ఉంది, మందుల పేర్ల పక్కన వరసగా 'ఆర్'లు (ఆ మందుకి లొంగదని), రెండే రెండు 'ఎస్'లు (లొంగుతుందని). ఎవరి చేతుల మీద అంటిందని అడిగాను. ఈ జబ్బులో చాలావరకు సొంత పేగుల నుంచే వస్తుందన్నారు. ఇంట్లో ఎవరినైనా తప్పుపట్టాలని చూస్తున్న నాకు ఆ మాట చాలాసేపు మింగుడుపడలేదు.

ఇప్పుడు మాత్రం యాంటీబయాటిక్ పెట్టారు, 'ఎస్' ఉన్నదే. పైపు చివరి సంచిలో చేరిన ద్రవం రోజూ మిల్లీలీటర్లలో నోట్‌బుక్‌లో రాసుకున్నాను: 180, 140, 90, 40. పది లోపుకి దిగాక పైపు తీశారు. పిత్తాశయం రెండు నెలల తర్వాత తీయించాం. ఆ చెకప్‌లో అమ్మ భయంభయంగా అడిగింది, "మజ్జిగ పోయొచ్చాండీ?" అని. ఇప్పుడు పోయొచ్చన్నారు. మధ్యాహ్నం ఇంటికి రాగానే చల్ల కవ్వం వెతకడం మొదలుపెట్టింది.