పాలిమర్ వేగసూత్రంలో ఆ వర్గమూలం ఎక్కడిది? నా నెట్ ప్రిపరేషన్ అనుభవం

సీఎస్‌ఐఆర్ నెట్ (పరిశోధనకు, అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష) కెమికల్ సైన్సెస్ ఫలితాలు చూసుకున్నాను. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్, వచ్చింది! కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లకుండా విజయనగరంలోనే ఉండి చదివాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదని అనాలేమో, కానీ కొంచెం గొప్ప కోసమే చెబుతున్నాను. ‘ఇంకా ఎన్నాళ్లు చదువు, డీఎస్సీ రాసుకోవచ్చు కదా’ అన్న బంధువులు కూడా ఇది చదువుతారని ఆశ.

పేపర్ సంగతి మీకు తెలిసిందే. పార్ట్ సి లో 60 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు. ఒప్పైతే 4 మార్కులు, తప్పైతే 1 పోతుంది. అక్కడ అధ్యాయాలన్నీ తెలిసినవాళ్ల కంటే కొన్ని అధ్యాయాలు లోతుగా తెలిసినవాళ్లకే లాభం. పాలిమర్లకు సిలబస్‌లో ఉన్నది ఒక్క వరుస: అణుభారాలు, పాలిమరీకరణ గతిశాస్త్రం. చిన్నదని చాలామంది వదిలేస్తారు. చిన్నది కాబట్టే వదలకూడదని నా వాదన.

పాలిమరీకరణ అంటే మోనోమర్ అనే చిన్న అణువులు పొడవాటి గొలుసుగా అతుక్కోవడం. దాన్ని మొదలుపెట్టేది ఇనీషియేటర్. అది విరిగితే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న రాడికళ్లు పుడతాయి, వాటికి మోనోమర్లు ఒక్కొక్కటిగా చేరి గొలుసు పెరుగుతుంది. ఈ ఫ్రీ రాడికల్ పాలిమరీకరణలో చర్యావేగం మోనోమర్ గాఢతకు నేరుగా, ఇనీషియేటర్ గాఢతకు వర్గమూలంగా అనులోమంగా ఉంటుంది. ఇంతవరకు అందరికీ వచ్చు. పలాస నుంచి వచ్చి మాతో పాటు గ్రంథాలయంలో చదువుకునే ఒక సీనియర్ అక్క ఒకరోజు అడిగింది: ‘ఇనీషియేటర్ నాలుగు రెట్లు పోస్తే వేగం రెట్టింపే అవుతుందంటున్నావు. మిగతాదంతా ఎక్కడికి పోయింది?’ నేను నోట్సులో సూత్రం చూపించాను. ‘సూత్రం నాకూ వచ్చు. అది ఎక్కడికి పోయిందో చెప్పు’ అంది.

ఆ సాయంత్రమంతా దాని మీదే కూర్చున్నాం. రాడికల్ పుట్టడానికి ఇనీషియేటర్ అణువు ఒక్కటి విరిగితే చాలు. చావాలంటే మాత్రం రెండు రాడికళ్లు కలవాలి. స్థిరస్థితిలో పుట్టుక, చావు సమానం. అంటే రాడికల్ గాఢత వర్గం ఇనీషియేటర్ గాఢతకు అనులోమం. అదనంగా పుట్టినవి ఒకదాన్నొకటి వెతుక్కుని మరింత త్వరగా చనిపోతున్నాయి. ఆ ‘మిగతాది’ పోయింది అక్కడికే. అందుకే వేగం రెట్టింపైనప్పుడు ఒక్కో గొలుసు పొడవు సగమవుతుంది. రాడికల్ ఒంటరిగా చనిపోయే పరిస్థితి కల్పిస్తే, ఉదాహరణకు ఏర్పడిన పాలిమర్ అవక్షేపమై అందులో రాడికల్ చిక్కుకుపోతే, ఇనీషియేటర్ గాఢత మీది ఘాతం సగం నుంచి ఒకటి వైపు జరుగుతుంది. ఇలాంటివి సూత్రం బట్టీపట్టినవాళ్లకు దొరకవు.

ఇక్కడి నుంచి ఉష్ణోగ్రత ప్రశ్నలు వాటంతట అవే విడిపోయాయి. మొత్తం ఉత్తేజిత శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అడ్డంకి) అంటే ప్రాపగేషన్‌ది, అంటే గొలుసు పెరగడానిది, పూర్తిగా, ఇనీషియేటర్ విఘటనది సగం కూడిక, టెర్మినేషన్‌ది, అంటే రాడికళ్ల చావుది, సగం తీసివేత. వరుసగా 30, 124, 12 కిలోజౌళ్లు వేసి చూడండి: 86 వస్తుంది. 60 డిగ్రీల నుంచి 70కి పెంచితే వేగం సుమారు రెండున్నర రెట్లు. గొలుసు పొడవుకైతే విఘటన సగాన్ని కూడా తీసివేయాలి, మైనస్ 38 వస్తుంది. అంటే వేడి పెరిగేకొద్దీ గొలుసులు పొట్టివవుతాయి. ఇనీషియేటర్‌ను వేడితో కాకుండా కాంతితో విడగొడితే ఆ 62 (124లో సగం) దాదాపు మాయమై 24 మిగులుతుంది. అప్పుడు అదే పది డిగ్రీలకు వేగం సుమారు 1.3 రెట్లే, గొలుసు మాత్రం పొట్టి కాదు, పెరుగుతుంది. ఈ తేడా నాకు చాలా ఇష్టం.

జెల్ ప్రభావం మీద మరికొంత సేపు గడపండి. మోనోమర్ ఖర్చవుతుంటే వేగం తగ్గాలి కదా, మిథైల్ మెథాక్రిలేట్ అనే మోనోమర్‌లో మధ్యలో ఒక్కసారిగా ఎగబాకుతుంది. నారిష్, స్మిత్ 1942లో, తర్వాత ట్రామ్స్‌డార్ఫ్ దీన్ని నమోదు చేశారు. మా పైడితల్లి సిరిమానోత్సవం రద్దీ చూసినవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు: పిల్లలు సందుల్లోంచి దూరిపోతారు, చేతులు పట్టుకున్న పెద్ద గుంపులు కదల్లేవు. ద్రావణం చిక్కబడ్డాక పొడవాటి రాడికళ్లు ఒకదాన్నొకటి చేరలేవు, చిన్న మోనోమర్ మాత్రం వాటిని చేరుతూనే ఉంటుంది. టెర్మినేషన్ స్థిరాంకం పడిపోతుంది, వేగమూ గొలుసు పొడవూ కలిసి పెరుగుతాయి. వేడి బయటికి పోకపోతే ప్రమాదం కూడా.

ఎమల్షన్‌లోనూ (సబ్బునీటిలో చిన్న కణాలుగా జరిపే పాలిమరీకరణ) రెండూ కలిసి పెరగవచ్చు, కానీ కారణం వేరు. కణాల సంఖ్య చూసుకోండి. చెయిన్ ట్రాన్స్‌ఫర్‌కు, అంటే పెరిగే గొలుసు తన రాడికల్‌ను మరో అణువుకు అప్పగించి ఆగిపోవడానికి, మేయో సమీకరణం చాలు. ఆక్సిజన్, హైడ్రోక్వినోన్ నిరోధకాలు, అంటే రాడికళ్లను పట్టేసి చర్యను ఆపేవి. అక్క ఊరి జీడితొక్క నూనెలోని కార్డనాల్ కూడా హైడ్రోక్వినోన్ లాగే ఫినాల్ జాతిదే. అందుకే దాని రెజిన్లను ఎక్కువగా ఫార్మాల్డిహైడ్‌తో సంఘననం (నీటిని వదులుతూ కలవడం) చేసి తయారుచేస్తారు, ఈ రాడికల్ పద్ధతిలో కాదు.

మిగతా అధ్యాయాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, పాత పేపర్లు చేశాను. క్రమశిక్షణ గురించి మాత్రం చెప్పాలి. పొద్దున ఫోను ముట్టుకోకండి. గంటలు లెక్కపెట్టే యాప్‌లు చదువు కాదు. ఏడు పుస్తకాలు కొని ఏడింటికీ అట్టలు వేసేవాళ్లను చూశాను, నాకు కోపం వస్తుంది. పెళ్లిళ్లకు రాలేదని నన్ను నిందించినవాళ్లున్నారు. వెళ్లి ఉంటే ఈ ఫలితం వచ్చేదా అని వాళ్లే ఆలోచించుకోవాలి.

చదవడం ఆపి ఒక లెక్క చేయండి: ఇనీషియేటర్ నాలుగు రెట్లు, మోనోమర్ సగం. వేగం ఎంత, గొలుసు ఎంత? వేగం మారదు, గొలుసు పావు వంతు అవుతుంది. కాగితం లేకుండా రాకపోతే పుట్టుక, చావు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.